శుద్ధ శాకాహారికి ఫ్యాటీ లివర్ ఎందుకొచ్చింది? పళ్లెంలో ఏం మార్చాలి?

సత్యనారాయణపురం అమ్మాయి (విజయవాడ)

నమస్కారం అండీ. మా నాన్నగారికి 58 ఏళ్లు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గుడ్డు కూడా ముట్టలేదు. మందు, సిగరెట్ అసలే లేవు. కడుపు ఉబ్బరంగా ఉంటోందని డాక్టర్‌గారి దగ్గరికి వెళ్తే స్కానింగ్ రాశారు. రిపోర్టులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 62, ఎస్‌జీఓటీ 48, ప్లేట్‌లెట్లు 2.10 లక్షలు, పరగడుపు షుగర్ 112. బరువు 78 కిలోలు, నడుము 38 అంగుళాలు.

ఉదయం ఇడ్లీయో ఉప్మానో. రెండు పూటలా అన్నం, పప్పు, వేపుడు, చారు, పెరుగు. సాయంత్రం నాలుగు పునుగులు. కాఫీ రోజుకు మూడుసార్లు. ఇంతే. "మాంసం మొహం చూడని మనిషికి లివర్‌లో కొవ్వెక్కడిదే?" అని అమ్మ ఒకటే టెన్షన్. బంధువులు తలా ఒక పసరు చెబుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, తిండిలో ఏం మారిస్తే ఉపయోగం ఉంటుంది?

ల్యాబ్ కోటు (గుంటూరు)

ముందు రిపోర్టు సంగతి చెబుతాను, తిండి సంగతి తర్వాత పెద్దవాళ్లు చెబుతారు. స్కానింగ్‌లో గ్రేడ్ అంటే కొవ్వు ఎంత ఉందన్న అంచనా మాత్రమే. లివర్ గట్టిపడుతోందా లేదా అన్నది దానివల్ల తెలియదు. అసలు భయపడాల్సింది ఆ గట్టిపడటం గురించే, దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. గ్రేడ్ 1 ఉన్నవాళ్లకు ఫైబ్రోసిస్ ఉండొచ్చు, గ్రేడ్ 3 ఉన్నవాళ్లకు లేకపోవచ్చు.

దానికి ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఫిబ్-4. మీ నాన్నగారికి 58 × 48 అంటే 2784. కింద 210 × 7.87 అంటే సుమారు 1653. భాగిస్తే 1.68 వచ్చింది. 1.3 లోపుంటే ప్రమాదం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 65 దాటినవాళ్లకు కింది హద్దు 1.3కు బదులు 2.0గా చూస్తారు. నాన్నగారిది మధ్యలో ఉంది కాబట్టి ఫైబ్రోస్కాన్ చేయించమని డాక్టర్‌గారిని అడగండి. అది సూది గుచ్చే పరీక్ష కాదు, పక్కటెముకల దగ్గర ప్రోబ్ ఆనించి చూస్తారు. పది నిమిషాల పని. లివర్ గట్టిదనం 8 కిలోపాస్కల్ లోపు వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు.

కొత్త రిపోర్టుల్లో ఫ్యాటీ లివర్ పేరు ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ బదులు ఎంఏఎస్‌ఎల్‌డీ అని కనబడితే కంగారుపడకండి. 2023లో పేరు మార్చారు, జబ్బు అదే.

కృష్ణలంక శ్రీను (విజయవాడ)

చెల్లెమ్మా, నాదీ అదే కథ, కాకపోతే నేను ఆదివారం మటన్ లేకుండా ఉండేవాణ్ని కాదు. నాకొచ్చిందంటే అర్థముంది, మీ నాన్నగారికి రావడమే ఆశ్చర్యం. అయితే మాంసం మానినంత మాత్రాన తగ్గదా? పూర్తిగా శాకాహారంలోకి మారదామనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నా.

బ్రాడీపేట డైటీషియన్ (గుంటూరు)

శ్రీనుగారి ప్రశ్న, అమ్మాయిగారి ప్రశ్న రెండూ ఒకటే. ఇది కొంచెం వివరంగా చెప్పాల్సిన విషయం.

కాలేయంలో చేరిన కొవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో 2005లో అమెరికాలో రోగుల మీదే కొలిచి చూశారు. సుమారు 59 శాతం ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చి చేరినది. 26 శాతం పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి కాలేయం స్వయంగా తయారుచేసుకున్నది. తిన్న నూనె, నెయ్యి, మాంసం కొవ్వుల నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. కాబట్టి "మాంసం తినరు కదా" అన్నది ఈ జబ్బు విషయంలో పెద్ద రక్షణ కాదు. నడుము 38 అంగుళాలంటే 96 సెంటీమీటర్లు. మన దక్షిణాసియా మగవాళ్లకు హద్దు 90, ఆడవాళ్లకు 80.

దీనికి రెండు దేశాల అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూడండి. కొరియాలో 2015లో శాకాహారులైన బౌద్ధ సన్యాసులను మామూలు జనంతో పోల్చి చూశారు. సన్యాసుల్లో ఫ్యాటీ లివర్ తక్కువేమీ లేదు. తైవాన్‌లో 2018లో వచ్చిన అధ్యయనంలో మాత్రం శాకాహారుల్లో తక్కువ కనబడింది. కారణం చాలావరకు వాళ్ల బరువు తక్కువగా ఉండటమే. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది. సోయా స్థానంలో మాంసమో చేపో తిన్నవాళ్లకూ, ముడిధాన్యం స్థానంలో పాలిష్ పట్టిన ధాన్యం తిన్నవాళ్లకూ ప్రమాదం పెరిగింది. అంటే ఏది మానారన్నదానికంటే దాని చోట్లో ఏం పెట్టారన్నదే ముఖ్యం. తెల్లన్నం, మైదా, చక్కెర, పామాయిల్, బంగాళదుంప చిప్స్ అన్నీ శాకాహారమే కదా. మొక్కల నుంచి వచ్చినదంతా కాలేయానికి మేలు చేసేది కాదు.

ఇప్పుడు అమ్మాయిగారిని ఒకటి అడుగుతాను. ఇంట్లో ఎంతమంది? నెలకు బియ్యం ఎన్ని కిలోలు, కందిపప్పు ఎంత, నూనె ఎంత వాడతారు?

సత్యనారాయణపురం అమ్మాయి

ముగ్గురమండీ. 25 కిలోల బియ్యం బస్తా సరిగ్గా నెలకు సరిపోతుంది. ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, గోధుమపిండి వేరే. పప్పులన్నీ కలిపి రెండు కిలోలు, మినపప్పుతో కలిపితే మూడు. నూనె 5 లీటర్ల క్యాన్ నెల పైన నాలుగు రోజులొస్తుంది.

బ్రాడీపేట డైటీషియన్

ధన్యవాదాలు. రోగం మొత్తం ఈ సరుకుల చీటీలోనే ఉంది.

25 కిలోలను 30 రోజులకు, ముగ్గురికి పంచితే మనిషికి రోజుకు 277 గ్రాముల బియ్యం. దానివల్లే 970 కేలరీల దాకా వస్తాయి. రవ్వ, గోధుమపిండి దీనిపైన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములన్నారు. టిఫిన్, అన్నం, చపాతీ అన్నీ అందులోనే. పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100, గింజలు 35, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు.

మీ ఇంటి లెక్కన ముగ్గురికి నెలకు పప్పులు ఏడున్నర కిలోలు రావాలి, వస్తున్నవి మూడు. నూనె రెండున్నర కిలోల దగ్గర ఆగాలి, దానికి ఒకటిన్నర రెట్లకు పైగా పోతోంది. కూరగాయలు నెలకు 36 కిలోలు కావాలి. పటమట రైతుబజారు నుంచి వారానికి ఎన్ని కిలోలు తెస్తున్నారో ఒకసారి చూసుకోండి.

నాన్నగారు పస్తులుండక్కర్లేదు. చీటీలో ధాన్యం తగ్గి, పప్పు, కూర, ఆకు పెరగాలి. నేను చెప్పేదల్లా అదే.

తెనాలి రైతుబిడ్డ

డైటీషియన్ మేడం, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ప్రతి జబ్బుకీ అన్నాన్నే దోషిగా నిలబెట్టడం మాకు బాధగా ఉంటుంది. మా నాన్న, మా తాత పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం తిన్నారు. ఒక్కరికీ ఈ లివర్ గొడవ లేదు. మా డెల్టా అంతా వరి మీద బతుకుతోంది. మా పక్కనే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 వరి రకం ఈవేళ దేశమంతా తింటోంది. తప్పు బియ్యానిది కాదు. తిని కూర్చోవడానిది, మిల్లులో తెల్లగా మెరిసేదాకా పట్టించడానిది.

బ్రాడీపేట డైటీషియన్

రైతుగారూ, మీరన్న రెండు కారణాలూ నిజమే, నేనూ ఒప్పుకుంటాను. నాట్లు వేసి, కుప్ప నూర్చే మనిషికి 300 గ్రాముల బియ్యం అరిగిపోతుంది. ఆ కండరాలు చక్కెరను పీల్చుకుంటాయి. అదే బియ్యం ఏసీ గదిలో కూర్చునే మనిషి తింటే మిగిలినది కాలేయంలో కొవ్వుగా మారుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో దేశమంతా జరిగిన సర్వే ఫలితాలు 2025లో వచ్చాయి. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, అందులోనూ ఎక్కువ భాగం తెల్లబియ్యం, పట్టిన గోధుమలు, చక్కెర. ప్రొటీన్ మాత్రం తక్కువ.

వరి మానమని నేను అనడం లేదు. ఒంటిపట్టు బియ్యం తినండి, దంపుడు బియ్యం దొరికితే ఇంకా మంచిది. రకాల్లో కూడా తేడా ఉంది. ఆర్‌ఎన్‌ఆర్ 15048, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి లాంటివాటి గ్లైసెమిక్ సూచీ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉంటుంది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. అయితే సూచీ తక్కువ కదా అని పళ్లెం నిండా పెట్టుకుంటే లాభం పోతుంది.

తెనాలి రైతుబిడ్డ

ఇది న్యాయంగా ఉందండి. ఇంకో మాట. మా దగ్గర వరి కోశాక అదే పొలంలో మినుము, పెసర చల్లుతాం. మడిలో మిగిలిన పదునుకే పండుతాయి. డెల్టాలో వరి ఎంత పాతదో మినుమూ అంతే పాతది. పట్నంలో జనం వరిని గుర్తుపెట్టుకుని మినుమును మరిచిపోయారు. పొట్టు మినప్పప్పుతో చేసిన ఇడ్లీ తిన్నవాళ్లెవరైనా తెల్ల ఇడ్లీ కోసం ఎగబడతారా? పొట్టుతో రుబ్బండి. పెసలు నానబోసి పొట్టుతోనే పెసరట్టు వేయండి, ఉప్మా పెట్టొద్దు.

మంగళగిరి మామయ్య

అమ్మాయ్, ఇన్ని లెక్కలెందుకు? పరగడుపున తిప్పతీగ రసం, నేల ఉసిరి ముద్ద, రాత్రి పసుపు క్యాప్సూల్ ఒకటి. మొక్కల వైద్యమే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు. ఈ టాపిక్ కూడా మొక్కల ఆహారం గురించే కదా.

ల్యాబ్ కోటు

మామయ్యగారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. పెద్దవారు, మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కానీ ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం.

కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతింది. ముంబై డాక్టర్లు 2021లో ఆరుగురి వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత 2022లో దేశంలోని పలు ఆస్పత్రులు కలిసి 43 మంది వివరాలు బయటపెట్టాయి. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన నడుస్తోంది. కానీ ఇప్పటికే ఎస్‌జీపీటీ 62 ఉన్న మనిషి మీద ఆ ప్రయోగం చేయాల్సిన పనేముంది? పసుపు క్యాప్సూల్స్ కూడా అంతే. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. మిరియాల సారం కలిపి గాఢంగా చేసిన క్యాప్సూల్స్ వల్ల అమెరికాలో, ఇటలీలో కామెర్లు వచ్చిన కేసులున్నాయి. బరువు తగ్గడానికని అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ఆకు కూరగా వండుకుని తినడం వేరు, అదే ఆకును సారం తీసి గాఢంగా మింగడం వేరు. ల్యాబ్‌లో రోజూ చూస్తుంటాను. ఎంజైములు 400, 500 వచ్చినవాళ్లను "ఏం వాడారు?" అని అడిగితే పొడి పేరు చెబుతారు. బిల్లుండదు, సీసా మీద ఏముందో రాసుండదు.

మంగళగిరి మామయ్య

సరేనయ్యా, 43 మంది సంగతి నాకు తెలియదు. నేల ఉసిరి మా అమ్మ కామెర్లకు ఇచ్చేది, అందుకే చెప్పాను. మరి ఆకుకూరల్లో ఏది మంచిదో అది చెప్పండి, కొండ కింద నాకు కావలసినంత పెరడుంది.

బ్రాడీపేట డైటీషియన్

పెరడుంటే మీ అంత అదృష్టవంతులు లేరు. తోటకూర, పొన్నగంటి, బచ్చలి, గోంగూర, మునగాకు వేయండి. పాదులకు చోటుంటే బీర, సొర, కాకర. ఫలానా ఆకే లివర్‌ను శుభ్రం చేస్తుందని నేను చెప్పను, అది అబద్ధం అవుతుంది. ఆకుకూర చేసే మేలు దాని పీచు వల్ల, అది కడుపు నింపి అన్నానికి చోటు తగ్గించడం వల్ల, అందులోని పోషకాల వల్ల. గోంగూర అంటే నూనెలో తేలే పచ్చడి అనుకోకండి. గోంగూర పప్పు వండండి, అందులో ఆకు పాళ్లు పెంచండి.

ఇంకో గట్టి ఆధారం చెబుతాను. ఇజ్రాయెల్‌లో 294 మందితో 18 నెలలు నడిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మూడు జట్లు. మామూలు ఆరోగ్య సలహాలు పాటించినవాళ్లకు లివర్ కొవ్వు 12 శాతం తగ్గింది. కూరగాయలు, పప్పులు, గింజలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మెడిటరేనియన్ భోజనం తిన్నవాళ్లకు 20 శాతం తగ్గింది. అదే భోజనంలో మాంసం ఇంకా తగ్గించి, ఆకుపచ్చ మొక్కల ప్రొటీన్, గ్రీన్ టీ పెంచినవాళ్లకు దాదాపు 39 శాతం తగ్గింది. వాల్‌నట్లు చివరి రెండు జట్లకూ ఇచ్చారు. ఈ రెండు జట్ల బరువూ ఇంచుమించు ఒకేలా తగ్గినా కాలేయంలో ఇంత తేడా వచ్చింది. అందువల్లే మొక్కల తిండి మీద నాకు ఇంత నమ్మకం. శ్రీనుగారూ, మీకూ ఇదే జవాబు. వేటమాంసం, సాసేజ్ లాంటివి తగ్గించి ఆ చోట్లో పప్పు, సోయా, గింజలు పెట్టుకుంటే మంచిదే. ఆ చోట్లో పులిహోర పెట్టుకుంటే ఏమీ రాదు. వారానికి రెండుసార్లు చేప పులుసు తింటానంటే నేను అడ్డుచెప్పను.

వంట మేస్త్రి (విజయవాడ, గాంధీనగర్)

నేను పెళ్లిళ్లకు వంట చేస్తాను. మీ మాటల్లో నూనె సంగతి పైపైన పోయింది, అది నేను చెబుతాను. బండి మీద పునుగు, బజ్జీ వేసేది ఎక్కువ చోట్ల పామాయిలే. అగ్గువకు వస్తుంది, తొందరగా పొగ రాదు. పొద్దున పూరీ వేసిన నూనెలోనే సాయంత్రం బజ్జీ వేస్తారు, రంగు నల్లబడ్డాక కూడా కొత్త నూనె కలిపి నడిపిస్తారు. నాలుగు పునుగులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పునుగు పిండి నూనెను ఎంత పీలుస్తుందో బాణలి దగ్గర నిలబడేవాడికి తెలుస్తుంది.

ఇంట్లో వేపుడు మానక్కర్లేదు, పద్ధతి మార్చుకోవాలి. దొండకాయ, బెండకాయ, కాకరకాయ ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడకనివ్వండి. బెండకాయకు మాత్రం నిమిషం చాలు, లేకపోతే జిగురొస్తుంది. తర్వాత ఇనుప మూకుడులో ఇద్దరికి ఒక టీస్పూన్ నూనె, ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేసి, ముక్కలు పోసి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద కదపకుండా రెండు నిమిషాలు వదలండి. అడుగున ఎర్రబడుతుంది. అప్పుడు తిప్పి, వేయించిన పల్లీ, నువ్వుల పొడి, గుంటూరు కారం చల్లి దించేయండి. పెళ్లిలో ఇలాగే చేసి పెట్టాను, వేపుడు బాగుందన్నారే గానీ నూనె తగ్గిందని ఒక్కరూ కనిపెట్టలేదు.

ఉలవచారు ఇంటిదైతే మంచిది. హోటల్లో పైన వెన్న, మీగడ వేస్తారు.

బ్రాడీపేట డైటీషియన్

మేస్త్రిగారూ, మీ పల్లీ, నువ్వుల పొడి చిట్కా రాసి పెట్టుకుంటున్నాను, రోగులకు చెబుతాను. నూనె గురించి మీరన్నదానికి ఆధారం కూడా ఉంది. 2014లో స్వీడన్‌లో మామూలు బరువున్న యువతీయువకులకు ఏడు వారాలు అదనంగా మఫిన్లు పెట్టారు. సగం మందికి పామాయిల్‌తో చేసినవి, సగం మందికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. బరువు రెండు జట్లకూ ఒకేలా పెరిగింది. లివర్‌లో కొవ్వు మాత్రం పామాయిల్ జట్టులో బాగా ఎక్కువ పెరిగింది.

తాడేపల్లి కోడర్

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ అని 2025లో వచ్చిన అధ్యయనం చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్, రాత్రి షిఫ్టు. ఆరోగ్యం కోసమని రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర బత్తాయి జ్యూస్ తాగుతున్నాను, పొద్దున ఓట్స్. చద్దన్నం మంచిదని రీల్స్‌లో చెబుతున్నారు, ఇందాక రైతుగారూ ఆ పేరెత్తారు. అది నిజంగా లివర్‌కు పనిచేస్తుందా?

బ్రాడీపేట డైటీషియన్

జ్యూస్ ఇవాళే ఆపండి. పండులో చక్కెర పీచుతో కలిసి నెమ్మదిగా వస్తుంది. గ్లాసులో నాలుగైదు బత్తాయిల చక్కెర ఒక్క గుక్కలో దిగుతుంది, షాపువాడు వేసే పంచదార దాని మీద. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కాలేయమే, మోతాదు మించితే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. చెరుకురసం, కూల్‌డ్రింకు కూడా ఆ కోవలోవే. జామకాయ, బొప్పాయి, బత్తాయి తొనలు తినండి. మామిడి రోజుల్లో నూజివీడు రసం ఒకటి తినాలనిపిస్తే ఆ పూట అన్నం తగ్గించుకుని తినండి.

చద్దన్నం గురించి. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు అది మేత. షాంఘైలో 200 మంది ఫ్యాటీ లివర్ రోగులతో చేసిన పరీక్ష 2023లో వచ్చింది. మొక్కజొన్న నుంచి తీసిన ఆ రకం పిండి రోజుకు 40 గ్రాముల చొప్పున నాలుగు నెలలు ఇస్తే లివర్ కొవ్వు 39 శాతం దాకా తగ్గింది. అయితే ఒక గిన్నె చద్దన్నంలో ఉండేది అందులో చిన్న భాగమే. వేడన్నం బదులు చద్దన్నం తినండి, పైన మజ్జిగ, ఉల్లిపాయ. దాన్ని మందు అనుకుని అదనంగా తింటే మళ్లీ బియ్యమే పెరుగుతుంది.

సత్యనారాయణపురం అమ్మాయి

ఫైబ్రోస్కాన్ అయిందండీ. 6.4 వచ్చింది. గట్టిపడటం లేదన్నారు. కొవ్వు మాత్రం ఎక్కువగానే ఉందట. ల్యాబ్ కోటు గారికి చేతులెత్తి నమస్కారం, మీరు చెప్పకపోతే మేం ఆ పరీక్ష అడిగేవాళ్లం కాదు.

డాక్టర్‌గారు 5 నుంచి 6 కిలోలు తగ్గాలన్నారు. అన్నం సగం చేసి, ముందు ఒక గిన్నె కూర, ఒక గిన్నె పప్పు తిన్నాకే అన్నం వడ్డిస్తున్నాం. రాత్రికి జొన్నరొట్టె. రెండు సందేహాలున్నాయి. పప్పు పెరిగేసరికి నాన్నగారికి గ్యాస్ అంటున్నారు. కాఫీ పూర్తిగా మానాలా?

బ్రాడీపేట డైటీషియన్

చాలా మంచి వార్త. 78 కిలోల మనిషి 7 శాతం తగ్గితే అయిదున్నర కిలోలు, డాక్టర్‌గారి లెక్క అదే. 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు కూడా చాలామందిలో పోతుంది. నెలకు రెండు కిలోలకు మించి తొందరపడొద్దు.

కాఫీ మానొద్దు, పంచదార మానండి. రోజుకు రెండు మూడు కప్పుల కాఫీ తాగేవాళ్లలో ఫైబ్రోసిస్ తక్కువగా కనబడుతోందని చాలా అధ్యయనాల్లో వచ్చింది. మూడు కప్పుల్లో రెండేసి చెంచాల పంచదార వేస్తే రోజుకు 25 గ్రాములు కాఫీలోనే దాటిపోతుంది. చక్కెర మొత్తం ఆపాటికి మించకూడదని కొత్త మార్గదర్శకాలు.

గ్యాస్‌కు ఒక పద్ధతి. పప్పు ఒకేసారి రెట్టింపు చేయకండి, వారానికి కొంచెం కొంచెం పెంచండి. శనగలు, అలసందలు, ఉలవలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి. ఇంగువ, జీలకర్ర, అల్లం వేయండి. పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది, దాంతో మొదలుపెట్టండి. పేగులు అలవాటుపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది.

గుడ్డు కూడా తినరు కాబట్టి రెండు జాగ్రత్తలు. బీ12 పరీక్ష చేయించండి, మొక్కల్లో అది దొరకదు. కోలిన్ అనే పోషకం తగ్గినా లివర్‌లో కొవ్వు చేరుతుంది. గుడ్డు మానేసినవాళ్లకు అది సోయా, పల్లీలు, పాలు, పెరుగు, చిక్కుళ్ల నుంచి రావాలి. వారంలో రెండుసార్లు మీల్ మేకర్ వండండి.

షుగర్ మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఇది చదివి అన్నం ఒక్కసారిగా సగం చేయకండి, షుగర్ పడిపోతుంది. డాక్టర్‌కు చెప్పి మందు సరిచేయించుకున్నాకే మార్చండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ పప్పులు, ఆకుకూరల కొలతలు వర్తించవు.

కృష్ణలంక శ్రీను

మా ఇంట్లో ఆదివారం మటన్ నెలకొకసారికి వచ్చింది. మిగతా ఆదివారాలు ఉలవచారు, మీల్ మేకర్ కూర. పిల్లలు మొదట అలిగారు, ఇప్పుడు అడిగి చేయించుకుంటున్నారు. పొద్దున పద్మావతి ఘాట్ వైపు నడక. వారానికి 150 నిమిషాలు నడవమన్నారు మా డాక్టర్. మందు మానమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే అంటాను. కూర ఎంత మంచిదైనా పక్కన క్వార్టర్ ఉంటే లివర్‌కు దక్కేదేం లేదు. ఆపేయాల్సిందే అన్నలూ.

చిలకలూరిపేట టీచరమ్మ

ఇంతసేపూ పెద్దవాళ్ల గురించే మాట్లాడుకున్నాం. నాకు పిల్లల గురించి బెంగగా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2022లో ఇచ్చిన లెక్కలో పెద్దవాళ్లలో 38 శాతం, పిల్లల్లో 35 శాతం మందికి ఫ్యాటీ లివర్ అని చదివాను. లావుగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. మా క్లాసులో ఇంటర్వెల్‌లో పది రూపాయల జ్యూస్ ప్యాకెట్, చిప్స్ లేని బ్యాగు కనబడదు. క్యారేజీలో టమాటా రైస్, పక్కన ఆలూ వేపుడు. అంతా శాకాహారమే. ఒక పిల్లాడి మెడ వెనక నల్లగా చార పడింది. మురికని తల్లి రుద్ది రుద్ది కడుగుతోంది. అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే వచ్చే గుర్తని స్కూల్‌కొచ్చిన డాక్టర్‌గారు చెప్పారు.

బ్రాడీపేట డైటీషియన్

ఆ తల్లితో ఈ వారమే మాట్లాడండి టీచర్‌గారూ. ఆ చార ఉన్న పిల్లలకు షుగర్, ఎస్‌జీపీటీ చూడాలి. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్)లో పిల్లల ఓపీకి పంపండి.

పిల్లల్లో తొందరగా మార్పు వస్తుందని ఆధారం ఉంది. అమెరికాలో 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లలు, అందరికీ ఫ్యాటీ లివరే, 40 మందితో చేసిన పరీక్ష 2019లో వచ్చింది. సగం మందికి ఎనిమిది వారాలు పైన కలిపిన చక్కెర, జ్యూసు దాదాపు లేకుండా చేశారు. పిల్లాడికి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ అదే వంట. లివర్ కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది.

క్యారేజీకి: పొట్టు పెసరట్టు, పల్లీ పచ్చడి. లేదా అలసందల గుగ్గిళ్లు, క్యారెట్, కీరా ముక్కలు. అన్నమే కావాలంటే సగం అన్నం, సగం ఆకుకూర పప్పు. ఇంటర్వెల్‌కు జామకాయ, వేయించిన శనగలు, నువ్వులుండ ఒకటి. తాగడానికి నీళ్లు, మజ్జిగ.

తెనాలి రైతుబిడ్డ

టీచర్‌గారూ, పేట మా చుట్టాల ఊరే. కోత అయ్యాక పొట్టు మినుములు, పెసలు రెండు బస్తాలు స్కూలుకు తెచ్చి ఇస్తాను. వారానికొకరోజు గుగ్గిళ్లు ఉడికించి పెట్టించండి. మా బావమరిదికి ట్రాలీ ఉంది, హెడ్మాస్టర్‌గారిని అడిగి ఏ రోజు తేవాలో ఇక్కడే రాయండి.

చిలకలూరిపేట టీచరమ్మ

రేపే అడుగుతానండి. ఉడికించడానికి పెద్ద కుక్కరు స్కూల్లోనే ఉంది.